కొలవని చెయ్యి: ఒక వికలాంగ పింఛను కేసు పూర్వాపరాలు

2023 ఫిబ్రవరిలో మండల న్యాయ సేవా సంఘం ఆధ్వర్యంలో నడిచే న్యాయ సహాయ కేంద్రానికి నలభై నాలుగేళ్ల వ్యవసాయ కూలీ ఒకరు భార్యతో కలిసి వచ్చారు. ఉత్తరాంధ్రలోని ఒక పల్లె వారిది. ఆయన తెచ్చిన కవరులో బియ్యం కార్డు, ఆధార్ కార్డులు, లామినేషన్ చేయించిన సదరం (వైకల్య నిర్ధారణ) ధ్రువపత్రం ఉన్నాయి. రెండేళ్ల వయసులో పోలియో సోకి కుడి కాలు సన్నబడిందని, వైకల్యం 36 శాతమని ఆ పత్రంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛనుకు కనీసం 40 శాతం ఉండాలి. కేంద్రంలో న్యాయవాదినైన నన్ను ఆయన అడిగిన మొదటి మాట, "ఆ నాలుగు శాతం వేయించి పెట్టండి మేడమ్" అని.

ఆయన అనుమతితోనే ఈ కేసు వివరాలు రాస్తున్నాను. గుర్తు పట్టే వీలున్న పేర్లు, ఊరు, ఆసుపత్రి, తేదీలలో కొన్ని వదిలేశాను.

ఆ నాలుగు శాతం వేయిస్తానని పదిహేను వేల రూపాయలు అడిగిన మనిషి అప్పటికే ఒకరున్నారు. మా కక్షిదారు సగం డబ్బు అప్పు తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నారు కూడా. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 91 ప్రకారం, వికలాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందినా, పొందేందుకు ప్రయత్నించినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ శిక్షకు ముందుగా గురయ్యేది పత్రం మీద ఎవరి పేరుంటే వారేనని మొదట విడమరిచి చెప్పాను. నిజంగా వైకల్యమున్న మనిషిని అబద్ధపు పత్రం వైపు నెట్టే ఈ వ్యాపారం మీద నాకున్న కోపాన్ని దాచుకోలేను. ఆ డబ్బు అప్పిచ్చినవారికి తిరిగి ఇచ్చేయించడమే ఈ కేసులో మేము చేసిన మొదటి పని.

తరువాత దరఖాస్తు ఫారం నింపడం మొదలుపెట్టాం. ఉచిత న్యాయ సహాయానికి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 12 ఆధారం. వైకల్యమున్నవారికి అందులో ఆదాయ పరిమితి లేదు. కాని వివాదమే శాతం గురించి అయినప్పుడు, ఆ శాతం మీద మళ్లీ ప్రశ్న తలెత్తకుండా, ఆదాయ ధ్రువీకరణ తీసుకుని ఆ ప్రాతిపదికనే న్యాయ సహాయం మంజూరు చేయించాను. ఇటువంటి కేసుల్లో ఇదే పద్ధతి మంచిదని నా అభిప్రాయం.

ఫారం చివర సంతకం చేస్తున్నప్పుడు ఒక విషయం నా కంట పడింది. బల్లమీద కాగితం ఫ్యాను గాలికి కదులుతోంది. ఎవరైనా ఎడమ అరచేతితో కాగితాన్ని ఆపుతారు. ఆయన ఎడమ మోచేతితో అదిమిపెట్టి కుడి చేత్తో సంతకం చేశారు. ఎడమ చెయ్యి మాత్రం వచ్చినప్పటి నుంచి భుజం మీది తువ్వాలు కొసలో చుట్టుకునే ఉంది. చేతికి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నారు. ఆయన భార్య తువ్వాలు తీసి, "అది కూడా చూపించు, ఎన్నాళ్లు దాస్తావు" అన్నారు. చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా లేవు. 2017లో బెల్లానికి చెరకు ఆడే క్రషర్లో గెడలు పెడుతుంటే రెండు వేళ్లు నలిగిపోయాయి, ఆసుపత్రిలో తీసేశారు. సదరం శిబిరంలో ఈ చెయ్యి చూపించారా అని అడిగాను. "కాలికి కదా మేడమ్ సర్టిఫికెట్టు, చేతికి ఏముంటుంది?" అని ఆయన ఎదురు ప్రశ్న వేశారు.

ఆ ప్రశ్నతోనే కేసు దారి మారింది. అప్పటి వరకు నా ముందున్నది 36ను 40 చేయమనే కోరిక. అటువంటి కోరికను ఏ న్యాయవాదీ చట్టబద్ధంగా నెరవేర్చలేరు, ఎందుకంటే శాతం నిర్ణయించే అధికారం వైద్యులది. వైద్యులు ఏమి కొలిచారు, ఏమి కొలవలేదు అన్నది మాత్రం న్యాయవాది అడగదగిన ప్రశ్న.

ఆయనకు మొదటి ధ్రువపత్రం 2011 నాటిది, అంటే వేళ్లు పోవడానికి ఆరేళ్ల ముందుది. 2022లో మళ్లీ పరీక్షకు వెళ్లినా అదే 36 శాతం వచ్చింది. రెండోసారి చెయ్యిని చూశారా లేదా అన్నది ధ్రువపత్రంలో కనిపించదు. అందుకు మదింపు పత్రం కావాలి, అంటే ఏ అవయవానికి ఎన్ని పాయింట్లు వేశారో వైద్యులు రాసుకున్న కాగితం. సమాచార హక్కు చట్టం, 2005 కింద దాని నకలు కోరుతూ దరఖాస్తు పెట్టాం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆ చట్టం కింద రుసుము చెల్లించనక్కర్లేదు కనుక బియ్యం కార్డు జిరాక్సు జత చేశాం. గడువు ముప్పై రోజులు. గడువు లోపలే నకలు వచ్చింది. అందులో కుడి కాలి కండరాల బలం, కీళ్ల కదలిక, నిలకడ కొలతలు శ్రద్ధగానే రాసి ఉన్నాయి. చేతులకు సంబంధించిన గడులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. సున్నా కూడా లేదు, అడ్డగీత కూడా లేదు.

వైద్యులను తప్పుబట్టడానికి ఇది రాయడం లేదు. శిబిరం రోజున బయట వరస ఎంత పొడవుంటుందో నేను చూశాను. ఎదుటి మనిషి కాలు చూపించి, చెయ్యి తువ్వాలులో దాచుకుంటే, ఆ కొద్ది నిమిషాల్లో చూపించిన కాలే పరీక్షకు వస్తుంది. పోలియో కాలు చిన్ననాటి నుంచి అలవాటైన విషయం. తెగిన వేళ్లు మాత్రం ఆయనకు సిగ్గుగా ఉండేవి. మా కక్షిదారుల్లో చాలామంది తమ ఒంటిమీదున్న ఇబ్బందుల్లో ఒకదాన్నే "వైకల్యం"గా ఎంచుకుని వస్తారు, మిగిలినవి అడిగితే తప్ప చెప్పరు. అందుకే ఈ కేసు తరువాత మా కేంద్రంలో మొదటి సంప్రదింపులోనే చూపు, వినికిడి, రెండు చేతులు, రెండు కాళ్లు, పాత శస్త్రచికిత్సలు అన్నింటి గురించీ విడివిడిగా అడిగి రాసుకుంటున్నాం.

ఇప్పుడు లెక్క సంగతి. కేంద్ర ప్రభుత్వం 2018 జనవరిలో ప్రకటించిన మదింపు మార్గదర్శకాల్లో వేళ్లు కోల్పోయినప్పుడు వేలుకింత అని శాతాలున్నాయి. చూపుడు వేలు మొదలు దగ్గర పోతే 15, మధ్య వేలు అలాగే పోతే 5. అంటే ఆయన చేతికి 20 రావలసి ఉంది. కాలికి 36, చేతికి 20 కలిపితే 56 అని కక్షిదారులు సంతోషపడతారు, కొందరు న్యాయవాదులు కూడా అలాగే అర్జీ రాస్తారు. అది తప్పు. రెండు అవయవాల శాతాలను కలపడానికి మార్గదర్శకాల్లో ఒక సూత్రం ఉంది. 90లో నుంచి పెద్ద శాతాన్ని తీసివేయాలి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి 90తో భాగించాలి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలపాలి. ఇక్కడ 90లో 36 పోగా 54. దాన్ని 20తో గుణిస్తే 1,080. 90తో భాగిస్తే 12. మొత్తం 48 శాతం. వైద్యులు కాలి శాతాన్ని ఏమాత్రం మార్చకపోయినా, చెయ్యిని కొలిస్తే చాలు, ఆయన అర్హుడవుతారు. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను నేరుగా సవాలు చేసే పిటిషన్) వేద్దామని ఒక సహచర న్యాయవాది సూచించారు. నేను ఒప్పుకోలేదు. 2016 చట్టంలోని సెక్షన్ 59 ధ్రువపత్రం జారీచేసే అధికారి నిర్ణయం మీద అప్పీలుకు అవకాశమిస్తోంది. ఆ దారి తొక్కకుండా రిట్‌కు వెళితే, నెలల తరువాత "ముందు అప్పీలుకు వెళ్లండి" అనే ఉత్తర్వుతో వెనక్కి రావలసి ఉంటుంది. ఒకవేళ అనుకూలంగా తీర్పు వచ్చినా కోర్టు శాతం నిర్ణయించదు, మళ్లీ వైద్యుల దగ్గరికే పంపుతుంది.

అప్పీలుకు ముందు సాక్ష్యం కూడగట్టాలి. 2017 నాటి డిశ్చార్జి కార్డు ఇంట్లో ట్రంకుపెట్టెలో దొరికింది, కాని చెమ్మ తగిలి సగం అక్షరాలు చెరిగిపోయాయి. ఎక్స్‌రే ఫిల్ము కవరుకు అతుక్కుపోయి పనికిరాలేదు. కార్డు మీద ఇన్‌పేషెంట్ నంబరు మాత్రం చదవగలిగేలా ఉంది. దాని ఆధారంగా మా పారా లీగల్ వాలంటీరు (న్యాయ సహాయ పనుల్లో తోడ్పడే కార్యకర్త) ఆసుపత్రి రికార్డు విభాగానికి మూడుసార్లు తిరిగి కేసు షీటు ధ్రువీకృత నకలు తెచ్చారు. ఇటువంటి కేసుల్లో గెలుపు చాలావరకు ఈ తిరుగుడు మీదే ఆధారపడి ఉంటుంది, మా వాలంటీర్ల ఆ శ్రమ ఏ ఉత్తర్వులోనూ నమోదు కాదు.

ఆ కేసు షీటు మరో విషయం బయటపెట్టింది. గాయానికి కారణం "ఇంటివద్ద గడ్డి కత్తిరించే యంత్రం" అని రాసి ఉంది. ఆ రోజు ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్లింది క్రషర్ యజమాని తాలూకు మనిషి, కారణం చెప్పిందీ ఆ మనిషే. పనిలో జరిగిన ప్రమాదంగా ఉద్యోగుల పరిహార చట్టం, 1923 కింద రావలసిన పరిహారానికి ఆ ఒక్క వాక్యం పెద్ద అడ్డంకి. ఆ చట్టం కింద దరఖాస్తుకు అప్పట్లో సాధారణంగా రెండేళ్ల గడువు ఉండేది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనరుకు ఉండేది. ప్రయత్నిద్దామని నేను రెండుసార్లు చెప్పాను. ప్రతి ఏటా చెరకు రోజుల్లో ఇప్పటికీ ఆ క్రషర్ దగ్గరే పని దొరుకుతుందని, గొడవ పెట్టుకోలేనని ఆయన అన్నారు. నిర్ణయం ఆయనది. దాన్ని ఆయన మాటల్లోనే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుని ఫైలులో పెట్టాను. ఈ కేసులో నన్ను ఈనాటికీ బాధించే పేజీ అదే.

అప్పీలును మొదట నాలుగు పేజీలు రాశాను. పేదరికం, కుటుంబ పరిస్థితి, సుప్రీంకోర్టు తీర్పులు అన్నీ పెట్టాను. మర్నాడు చదివితే అసలు విషయం మూడో పేజీలో ఉంది. అంతా కొట్టేసి ఒకటిన్నర పేజీకి కుదించాను. చేతుల గడులు ఖాళీగా ఉన్న మదింపు పత్రం నకలు, కేసు షీటు నకలు జతపరచి మూడు విషయాలు కోరాను. కాలితో పాటు ఎడమ చెయ్యిని కూడా పరీక్షించాలి, రెండింటినీ మార్గదర్శకాల్లోని సూత్రం ప్రకారం కలిపి లెక్కించాలి, ధ్రువపత్రానికి అర్హత లేదని తేలితే నిబంధనల ప్రకారం కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలి. 40 శాతం ఇప్పించమని ఎక్కడా రాయలేదు. 48 వస్తుందన్న మా లెక్కను కూడా అర్జీలో పెట్టలేదు, ఎందుకంటే అది వైద్యుల పని మేము చేసినట్లు కనిపిస్తుంది, చదివేవారికి సహజంగానే చిరాకు కలుగుతుంది. అర్జీ ఏప్రిల్‌లో దాఖలైంది. జూన్‌లో మళ్లీ పరీక్షించమని ఉత్తర్వు వచ్చింది. మధ్యలో ఒకసారి కలెక్టరేటులో సోమవారం నాటి స్పందన ఫిర్యాదుల కార్యక్రమంలో అప్పీలు నంబరుతో వినతి ఇచ్చాం. ఆలస్యానికి అది మందుగా పనిచేసిందో లేదో చెప్పలేను.

పరీక్షకు రెండు రోజుల ముందు ఆయనను పిలిపించి గంటసేపు కూర్చోబెట్టాను. ఉన్నదానికంటే ఎక్కువ చెప్పవద్దని, ఉన్నది దాచవద్దని చెప్పాను. "చెయ్యి పనిచెయ్యదు" అంటే వైద్యునికి ఏమీ తెలియదు. ఏ పని చెయ్యదో చెప్పాలి. ఆయన కాసేపు ఆలోచించి, వరి కోతకు తనను పిలవడం మానేశారని చెప్పారు. కోతలో ఎడమ చేత్తో దుబ్బును గుప్పిట పట్టి కుడి చేత్తో కొడవలి వేయాలి. ఆ గుప్పిట ఆయనకు నిలవదు, మొక్కలు వేళ్ల సందునుంచి జారిపోతాయి. పంచె ముడి భార్య సాయంతో వేసుకుంటున్నారు. పోలియో కాలితో నడిచేటప్పుడు ఊతకర్రను కూడా ఎడమ చేత్తో పట్టుకోలేరు. ఇన్నేళ్లలో ఈ మాటలు ఆయన ఎవరికీ చెప్పలేదు. అర్జీలో నేను రాసిన ప్రతి వాక్యం కంటే ఇవి బలమైనవి.

పరీక్ష గదిలోకి న్యాయవాదిని అనుమతించరు, అనుమతించనక్కర్లేదు కూడా. వాలంటీరు తలుపు దగ్గర నిలబడ్డారు. ఆయన లోపలికి వెళ్లేముందు తువ్వాలును భార్య చేతికిచ్చి వెళ్లారు. ఎముకల వైద్యుడు ఈసారి రెండు చేతుల పట్టునూ పోల్చి చూశారని, వేళ్లు తెగిన చోట స్పర్శ తెలుస్తోందో లేదో కళ్లు మూయించి పరీక్షించారని, ఒక బిళ్లను బల్లమీది నుంచి తీయమన్నారని ఆయన బయటికి వచ్చి చెప్పారు. ఆగస్టులో కొత్త ధ్రువపత్రం వచ్చింది. శాశ్వత వైకల్యం, 48 శాతం.

ఇక్కడితో పని అయిపోయిందని అందరం అనుకున్నాం. గ్రామ సచివాలయంలో పింఛను దరఖాస్తు ఇచ్చిన కొన్నాళ్లకు, అర్హత లేదని తేలినట్లు సంక్షేమ సహాయకుడు చెప్పారు. వైకల్యం సంగతి సరిపోయింది, పింఛను అర్హత కోసం చేసే ఆరు దశల పరిశీలనలో కరెంటు దగ్గర ఆగింది. అప్పటి నిబంధనల ప్రకారం గ్రామాల్లో కుటుంబ ఆదాయం నెలకు పదివేలు దాటకూడదు, మాగాణి మూడెకరాలు లేదా మెట్ట పదెకరాలు మించకూడదు, కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్ల లోపు ఉండాలి. ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న పెంకుటింటికి 300 యూనిట్లు దాటడం ఎలా సాధ్యమని బిల్లు తెప్పించి చూస్తే సంగతి తెలిసింది. తండ్రి ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మీటరు తమ్ముడి వాటాలో ఉండిపోయింది, ఆధార్ మాత్రం అన్నగారిది, అంటే మా కక్షిదారుది అనుసంధానమైంది. తమ్ముడి డాబా ఇంట్లో ఏసీ, ఫ్రిజ్, నీళ్ల మోటారు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అన్నగారి ఇంటికి ఒక తీగ మాత్రం లాక్కున్నారు.

ఇందులో న్యాయ వివాదమేమీ లేదు, కాని కుటుంబ వివాదం కాగల అవకాశం నిండుగా ఉంది. ఆధార్ మార్పించడానికి వస్తే తన రేషను కార్డు పోతుందేమోనని తమ్ముడి భయం. నోటీసు ఇవ్వకుండా ఇద్దరినీ కేంద్రానికి పిలిపించి కూర్చోబెట్టాం. "అన్నయ్య పింఛను నా మూలంగా ఆగిందంటే ఊళ్లో తల ఎత్తుకోలేను" అని తమ్ముడే ముందు అన్నారు. విడిగా ఉన్న ఇంటి పన్ను రసీదు పెట్టి అన్నగారి పేరున కొత్త సర్వీసు తీసుకుని, పాత మీటరు నుంచి ఆయన ఆధార్ తొలగించేందుకు ఇద్దరి సంతకాలతో విద్యుత్ సెక్షను కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. సవరణ నమోదయ్యేసరికి నవంబరు వచ్చింది. వైద్యుల దగ్గర నాలుగు నెలల్లో తేలిన విషయానికి మీటరు దగ్గర మరో మూడు నెలలు పట్టింది. ధ్రువపత్రం కోసం అప్పీలు చేస్తున్న రోజుల్లోనే ఆరు దశల వివరాలన్నీ నేను సరిచూసి ఉండవలసింది. అలా చూసి ఉంటే ఈ మూడు నెలలు కలిసివచ్చేవి. ఇప్పుడు ఏ పింఛను ఫైలు తెరిచినా వైకల్య పత్రంతో పాటు కరెంటు బిల్లు, భూమి వివరాలు, బియ్యం కార్డులోని సభ్యుల వివరాలు మొదటి రోజే అడుగుతున్నాను.

2024 జనవరిలో పింఛను మంజూరైంది. మొదటి నెల మూడు వేల రూపాయలు ఇంటివద్దే అందాయి. ఆ ఏడాది జులై నుంచి రాష్ట్ర ప్రభుత్వం వికలాంగ పింఛనును ఆరు వేలకు పెంచింది. 2022లోనే చెయ్యిని కొలిచి ఉంటే వచ్చేది కదా, ఆ బకాయిలు రావా అని ఆయన భార్య అడిగారు. న్యాయమైన ప్రశ్న. కాని పింఛను మంజూరైన నెల నుంచే లెక్క, వైకల్యం ఏర్పడిన నాటి నుంచి ఇచ్చే నిబంధన ఈ పథకంలో లేదు. ఆ సంగతి ఆమెకు అలాగే చెప్పాను.

2025లో రాష్ట్రవ్యాప్తంగా వికలాంగ పింఛనుదారుల ధ్రువపత్రాలను మళ్లీ పరిశీలించారు. ఆయనకూ పరీక్షకు రమ్మని పిలుపు వచ్చింది. ఊళ్లో చాలామంది కంగారుపడుతూ మా కేంద్రానికి వచ్చారు, వారిలో ఎక్కువమంది దగ్గర లామినేషన్ చేసిన ధ్రువపత్రం తప్ప మరో కాగితం లేదు. ఆయన మాత్రం ఫోను చేశారు. ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చెబుదామని నేను మొదలుపెట్టేలోగా, మదింపు పత్రం, కేసు షీటు, అప్పీలు ఉత్తర్వు మూడేసి జిరాక్సులు తీయించి కవరులో పెట్టుకున్నానని, శిబిరం ఎన్ని గంటలకో కనుక్కుని చెబితే చాలని అన్నారు.